దొరైసామి కట్టిన నూలు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాడు ఎవడో గానీ, మేస్త్రిని పిలిచి చూడు అనడం మరిచిపోయాడు. పెళ్ళికయితే పిలవనివాళ్ళు కూడా వస్తారు. మేస్త్రిని పిలిస్తే ‘ఇదో వస్తా ఉండాను’ అన్న మాట వస్తుంది, మనిషి రాడు. ఈ సంగతి వళ్ళికి తెలిసినంత బాగా తమిళనాడు ధర్మపురిలో ఇంకొకరికి తెలియదు. పెళ్ళయి సోగత్తూరు వచ్చిన ఏడాది మొదలు ఆమె దొరైసామి మేస్త్రి కింద సిత్తాళు. సిమెంటు మాలు కలపడం, తట్ట మోయడం, రాయి అందించడం ఆమె పని. మేస్త్రి ఒకచోట పని ఒప్పుకుని ఇంకోచోట ఉన్నప్పుడు, ఇంటివాళ్ళ ఫోన్ ఎత్తి ‘దారిలో వస్తా ఉండాడు సార్’ అని చెప్పడం కూడా ఆమె పనే. ఎంతమందికి అలా చెప్పిందో లెక్కలేదు. చెప్పి, ఫోన్ పెట్టేసి, తోటి ఆడవాళ్ళతో కలిసి నవ్వేది.

ఇప్పుడు ఆ ఫోన్ చేసే వంతు ఆమెకే వచ్చింది.

సోగత్తూరు చివర, నంజమ్మ ఇంటిని ఆనుకుని ఉన్న చిన్న జాగాను వళ్ళి, ఆమె మొగుడు పళని చీటీలు కట్టీ కట్టీ కొన్నారు. చాలాకాలం అందులో కంపచెట్లే మొలిచాయి. ఈ ఏడు ఎలాగైనా పునాది వేయాలని వళ్ళి పట్టుబట్టింది. పళని దేనికీ పట్టుబట్టే మనిషి కాదు. క్వారీలో లారీకి రాళ్ళు ఎత్తే పని అతనిది. ఇంటికి వస్తే బీడీ, బీడీ అయితే నిద్ర. కొంప మునిగినా ‘రేపు చూస్తాంలే’ అంటాడు. ఒకరు పరుగెత్తుతుంటే ఒకరు కూర్చోబట్టే ఆ కాపురం ఇన్నాళ్ళు నిలిచిందని చుట్టాలు ఎగతాళి చేస్తారు.

దీపావళికి ముందు, అయిప్పసి నెల వాస్తు దినాన దొరైసామి వచ్చాడు. ఈశాన్యం మూల పసుపు, కుంకుమ, నిమ్మకాయ అయ్యాక నాలుగు మూలలా మేకులు దిగేసి తెల్లని నూలు లాగి కట్టాడు. రాబోయే గోడలన్నీ ఆ నూలులో కనిపించాయి. ఎందరి ఇళ్ళకో ఆయన నూలు కడుతుంటే అవతలి కొస పట్టుకుని నిలబడింది వళ్ళే. ఈసారీ తనే పట్టుకుంది. కానీ ఈసారి ఆ నూలు లోపల ఉన్నది తన వంటిల్లు.

మేస్త్రీలలో ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసి లేదు, ఎవరూ దాటరు. నూలు కట్టినవాడిదే పని. అతను తన చేత్తో విప్పుకుంటే తప్ప, లేదా నోటితో సరే అంటే తప్ప, ఇంకో మేస్త్రి ఆ జాగాలో తాపీ పెట్టడు. కొన్నేళ్ళ కిందట ఒక బ్యాంకు ఆఫీసరు దొరైసామి ఆలస్యానికి విసిగిపోయి ఆయన నూలు తెంపి వేరే మేస్త్రిని తెచ్చుకున్నాడు. వచ్చిన మేస్త్రి తెగిన నూలు చూశాడు, చేతిసంచి కూడా దించకుండా వెనక్కి తిరిగాడు. చివరికి ఆఫీసరు పండ్లు పట్టుకుని దొరైసామి గడపే ఎక్కాల్సి వచ్చింది. ఆ కథ చెప్పుకున్నప్పుడల్లా అందరికన్నా గట్టిగా నవ్వేది కూడా వళ్ళే.

నూలు కట్టడం అయ్యాక దొరైసామి చేతులు దులుపుకుని నంజమ్మ గోడ వైపు చూశాడు.

“మూడు పక్కలా జేసీబీ పెట్టి తవ్వించుకో. ఈ పక్క మాత్రం బండి వద్దు. ఈ గోడకి అడుగున ఏమీ లేదు. నేను వచ్చి చేత్తో రవ్వంత తవ్వి, రవ్వంత రాయి పెట్టి, అట్ల పోతాను.”

“ఎప్పుడు వస్తావు మామా?”

“కారిమంగళంలో కాంక్రీటు పోసినంక. మన ఇల్లే గదా వళ్ళీ, ఏమి తొందర?”

మన ఇల్లే గదా. పరాయివాళ్ళ పని అంటే మేస్త్రికి కాస్త భయం ఉంటుంది, మన అన్నామంటే అది అన్నిటికన్నా వెనక్కి పోతుంది. ఆయన తమ్ముడి ఇంటికి గచ్చు ఎన్నేళ్ళు పట్టిందో ఆమెకు తెలుసు.

ఆ తర్వాత వళ్ళి నిలిచినచోట నిలవలేదు. తెల్లవారకముందే జాగా దగ్గరికి వచ్చి మేకులు కదిలాయేమోనని చూసేది. కుప్పపోసిన పునాది రాళ్ళ చుట్టూ తిరిగేది. సిమెంటు మూటల మీది తార్పాలు ఎత్తి చూసి మళ్ళీ కప్పేది. ఇంటికి పోయి అన్నం వార్చి, గంజి చల్లారకముందే మళ్ళీ వచ్చేది. కాలుకాలిన పిల్లిలా ఎందుకలా తిరుగుతావని పళని అడిగితే, ఈ కొంపలో ఒకరి కాలైనా కాలాలి కదా అని విసుక్కుంది. ఆకాశం మాత్రం దినం దినం బరువెక్కుతోంది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు?

జేసీబీ మాదేష్‌ది. బండీ అతనిదే, తోలేదీ అతనే. ఉదయం వస్తానన్నవాడు మధ్యాహ్నానికి వాయిదా వేసి, మధ్యాహ్నం ఫోన్ ఎత్తక, వళ్ళి ఆశ వదులుకున్నాక సాయంత్రం ఉరుముకుంటూ వచ్చాడు. వచ్చాక మాత్రం పని చకచకా సాగింది. ఇనప చెయ్యి వంగి లేచినప్పుడల్లా ఎర్రమన్ను కుప్పపడింది. మూడు పక్కలా గుంట తెగింది. మాదేష్ బండి తిప్పి నంజమ్మ గోడ ముందు నిలిపాడు.

“అక్కా, ఈ పక్కా గీకి పారేద్దునా?”

“మేస్త్రి వద్దన్నాడు.”

“సరి. నేను రేపు పెన్నాగరం పోతాను, ఆడ బావి పని ఒప్పుకున్నాను. మళ్ళీ ఈ దిక్కు వచ్చేది దీపావళి అయినంకే. చేత్తో తవ్వితే ఎప్పుటికి ముగుస్తాదో నువ్వే చూసుకో.”

బండి ఇంజను ఆడుతూనే ఉంది. పని ఆగి యంత్రం ఊరికే ఉరుముతుంటే కూలివాళ్ళ ప్రాణం ఒప్పదు. ఆ అలవాటు వళ్ళి ఒంట్లో మొదటి తట్ట మోసిన నాటి నుంచీ ఉంది. ఆమె దొరైసామికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఆకాశం వైపు చూసింది.

“తవ్వు. గోడకు తగలకుండా ఒదిగించి తవ్వు,” అంది.

చెప్పొద్దూ, ఆ పూట వళ్ళికి సంతోషమే కలిగింది. నాలుగు పక్కలా తెగిన గుంట చూసుకుంటే ఇల్లు సగం అయిపోయినట్టే అనిపించింది. మేస్త్రి వచ్చి కాసేపు కసురుకుంటాడు, ఆపైన పని మొదలుపెడతాడు, అంతేగా అనుకుంది. చాలా దినాల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

పొద్దున గుంటలోకి దిగి చూసింది. చూసి, గుంట అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నంజమ్మ గోడ మట్టి, రాళ్ళు కలిపి ఆమె మొగుడు ఎప్పుడో కట్టుకున్నది. దానికి పునాది మూరెడు లోతుకు మించి లేదు. జేసీబీ బకెట్టు ఆ మూరెడుకన్నా బాగా కిందికి పోయి, గోడ కింది మన్నును కూడా కొంత గీకేసింది. గోడ అడుగు రాళ్ళు ఊడబోయే పళ్ళలా గుంటలోకి వేలాడుతున్నాయి. వాటి సందుల్లోంచి పొడి మన్ను సన్నగా రాలుతూనే ఉంది. వళ్ళి వేలు పెట్టి తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ గోడ అవతల ఉన్నది ఒకటే గది. పెంకుటింటి దూలం ఒక కొస ఈ గోడ మీదే ఆనింది. ఆ గదిలో నంజమ్మ కూతురు అముద ఉంది. ఆపరేషన్ చేసి బిడ్డను తీస్తే, మొన్ననే ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చారు. మంచం మీంచి దిగాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

వళ్ళి బస్సెక్కి కారిమంగళం పోయింది. ఫోన్‌లో చెప్పే మాట కాదది. బస్సు ఆగినచోటల్లా డ్రైవర్‌ను మనసులోనే తిట్టింది.

అక్కడ కాంక్రీటు పోస్తున్నారు. మిక్సరు హోరు, నీళ్ళు పోసేవాళ్ళ అరుపులు, తట్టలు చేయి మారి పైకెక్కుతున్నాయి. వళ్ళిని చూసి తోటి సిత్తాళ్ళు ‘ఓనరమ్మ వచ్చిందే, కుర్చీ వేయండి’ అని పరిహాసమాడారు. దొరైసామి పైనుంచి నిచ్చెన సగం దిగి నిలబడ్డాడు. కళ్ళు మాత్రం పైనే ఉన్నాయి.

“ఏమి వళ్ళీ?”

“వాన వచ్చేట్టుండాది మామా.”

“తార్పాలు కప్పు. రేపు పొద్దున వస్తాను.”

“గుంటలో నీళ్ళు నిలిస్తే?”

“నిలిస్తే ఎండతాది. మూడు పక్కలే గదా. నంజమ్మ పక్క తవ్వలేదు గదా?”

అదే చెప్పాలని వచ్చింది ఆమె. ఆయనే అడిగాడు. చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను ఉండదు. కానీ పైన కూలివాళ్ళందరూ వింటున్నారు, ఆయన ముఖం అలసిపోయి ఉంది, వద్దన్న పనే ఒక్కటి, ఆ ఒక్కటే తను చేసింది. ఇన్నేళ్ళుగా ఫోన్‌లో ఇంటివాళ్ళకు చెప్పి చెప్పి అలవాటైన నోరు ఆమె అనుకోకముందే కదిలింది.

“లేదు మామా.”

“అయితే ఏమి భయము. పో,” అని దొరైసామి పైకెక్కిపోయాడు.

వళ్ళి బస్టాండు దాకా నడిచింది. నడుస్తూ తన నోటిని తనే తిట్టుకుంది. వెనక్కి పోయి చెబుదామని రెండడుగులు వేసింది, సిగ్గేసి ఆగిపోయింది. మింగలేక, కక్కలేక బస్సెక్కింది. పని ముగించే దాకా ఆ మేస్త్రి దిగిరాడని ఆమెకు తెలుసు. పోస్తున్న కాంక్రీటు సగంలో వదిలి వచ్చేవాడయితే ఆమె ఇన్నేళ్ళు ఆయన దగ్గర పనిచేసేదే కాదు.

సోగత్తూరులోనే ఒక కాంపౌండు గోడ కడుతున్న వేల్మురుగన్ దగ్గరికి పోయింది. అతనూ మేస్త్రే, మంచివాడే, వరసకు తమ్ముడవుతాడు. జాగా దాకా వచ్చి గుంట చూశాడు. మేకుకు కట్టిన నూలు చూసి రోడ్డు మీదే ఆగిపోయాడు.

“ఇది దొరైసామన్న నూలు గదా అక్కా.”

“అవును. ఆయన రేపే వచ్చేది. ఈ గోడ రేపు దాకా నిలవదు తమ్ముడా. రాళ్ళుండాయి, సిమెంటు ఉండాది. ఈ ఒక్క పక్క రాయి పెట్టు.”

“నిలవదనేది నాకూ కనపడతా ఉండాది. అన్నకు ఒక ఫోన్ కొట్టు. సరి అని ఒక మాట చెప్తే ఇప్పుడే దిగతాను.”

ఫోన్ చేతిలోనే ఉంది. ఈసారి నిజం చెప్పెయ్యాలనే నొక్కింది. అటు మిక్సరు హోరు వినిపించింది, ఆ హోరులోంచి తోటి సిత్తాళు ముత్తమ్మాళ్ గొంతు వచ్చింది. మేస్త్రి ఫోన్ ఎత్తడం ఇవాళ ఆమె వంతు కాబోలు.

“మేస్త్రి దారిలో వస్తా ఉండాడు సార్,” అంది ముత్తమ్మాళ్, ఎవరో ఏమిటో చూడకుండానే.

వళ్ళికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. “నేను వళ్ళిని ముత్తూ. మామకు ఫోన్ ఇయ్యి.”

“అయ్యో, నువ్వా అక్కా. ఆయన పైన ఉండాడు, ఇప్పుడు దిగడు. దిగినంక చెప్తాను,” అని ముత్తమ్మాళ్ పెట్టేసింది.

వేల్మురుగన్ తల వంచుకున్నాడు. అతనికి దిగాలనే ఉందని ముఖం చూస్తే తెలుస్తోంది. దిగితే మాత్రం రేపటి నుంచి ధర్మపురిలో ఏ మేస్త్రీ అతని పక్కన టీ తాగడు. అతన్ని తప్పు పట్టడానికి వళ్ళికి నోరు రాలేదు. బ్యాంకు ఆఫీసరును చూసి నవ్వింది తనే మరి.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మొదట పెద్ద పెద్ద చుక్కలు దూరదూరంగా పడ్డాయి. గోడ కింద నుంచి గుమ్మడికాయంత మట్టిగడ్డ ఊడి గుంటలో పడింది. ఆ చోట గోడకు సన్నని గీత ఒకటి పాకింది.

వళ్ళి నంజమ్మ ఇంట్లోకి పరుగెత్తింది. నంజమ్మ పొయ్యి మీద వేణ్ణీళ్ళు పెడుతోంది.

“అక్కా, తప్పు నాది. నీ గోడ కింద మన్ను పోయింది. అముదను లేపి యాడికైనా తీసుకుపోదాము.”

నంజమ్మ బయటికి వచ్చి గుంట చూసింది. “నీ ఇల్లు కట్టేదానికి నా ఇల్లు కూల్చల్లా?” అంది. “ఆ కుట్లతో దాన్ని వానలో యాడికి మోసుకుపోదును? పురుడు తీరని బాలింతను ఎవురు గడప తొక్కనిస్తారు, చెప్పు?”

ఇద్దరూ కలిసి అముద మంచాన్ని వాకిలి దగ్గరికి లాగారు. అంతకన్నా జరపడానికి ఆ గదిలో చోటు లేదు. దూలం కూలితే వాకిలి దగ్గరయినా ఒకటే.

వాన మొదలైందని క్వారీలో పని ఆపేస్తే పళని అప్పుడే వచ్చాడు. తల మీద గోనెసంచి వేసుకుని గుంట అంచున నిలబడి, “మేస్త్రి రానీ, రేపు చూస్తాం...” అంటూ వంగి గోడ అడుగు చూశాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది. గోనెసంచి తీసి పక్కన పెట్టి, లుంగీ ఎగ్గట్టాడు.

వళ్ళి గుంట మీదుగా లాగి ఉన్న నూలు ముందు నిలబడింది. నంజమ్మ గోడకు ఆసరాగా రాయి పెట్టాలంటే నూలుకు ఇవతల, తన జాగాలోకి, జానెడు లోపలికి రావాలి. తన వంటింట్లో జానెడు నంజమ్మ గోడకు పోతుంది. అది పోతే పోనీ. ఆమె చెయ్యి ఆగింది దానికి కాదు. ఇది తెంపితే దొరైసామి మొహం మళ్ళీ చూడగలదా అని. తనకు అన్నం పెట్టింది ఆ మనిషి కట్టిన నూళ్ళే. వళ్ళికి చాలా భయమేసింది. లోపల బిడ్డ కీచుమంది. ఆమె కొడవలి అందుకుని నూలు కోసి, ఉండ చుట్టి, కొంగులో ముడివేసింది. మేకులు పీకి లోపలికి జరిపి కొట్టి, సిమెంటు మూట కుట్టిన దారం విప్పి వాటికి లాగి కట్టింది.

రోడ్డు మీది వేల్మురుగన్ అది చూశాడు. గొడుగు తెరిచి అక్కడే నిలబడ్డాడు.

సిత్తాళుగా చేరిన ఆడది ముసలిదైనా సిత్తాళే. నిన్న చేరిన మగపిల్లాడు ఏడాది తిరిగేసరికి తాపీ పడతాడు. తాపీ చేతిలో పెట్టమని వళ్ళి ఎప్పుడూ అడగలేదు, అడగవచ్చని కూడా ఆమెకు తోచలేదు. కానీ కళ్ళు ఊరుకోవు కదా. ఏ రాయికి ముఖం ఏదో, వీపు ఏదో, ఏది అడ్డంగా పడుకోవాలో, ఏది లోపలికి తల పెట్టాలో, దొరైసామి పక్కన రాయి పట్టుకుని నిలబడిన ఇన్నేళ్ళలో ఆమె కళ్ళకు పట్టుబడింది. ఆయన అడగకముందే ఆయనకు కావలసిన రాయి అందించేది ఆమే.

ఇప్పుడు పళని అందించాడు, ఆమె పెట్టింది. తాపీ లేదు. చేత్తోనే మాలు తీసి చేత్తోనే నొక్కింది. మన్ను బాగా పోయినచోట ముందు పట్టింది. అక్కడ ఇంత కట్టి, వదిలి, అవతలి కొసకు పోయి అక్కడ ఇంత కట్టి, మధ్యకు వచ్చింది. ఒకేసారి గోడ పొడుగునా మన్ను కదపకూడదు. పెద్ద రాళ్ళు గోడ కిందికి తోసి, పై సందులో పలచని చిప్పరాళ్ళు పెట్టి సుత్తితో బిగించింది. సుత్తి దెబ్బకు గోడ అదిరినప్పుడల్లా ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. మూడో మనిషి నంజమ్మ. తిట్టడం ఆపకుండానే ఆమె తార్పాలు కింద మాలు కలిపింది, తిడుతూనే తట్ట మోసింది.

వాన పెరిగింది. గుంటలో నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. పళని ఒక మూల గండి కొట్టి నీళ్ళు బయటికి మళ్ళించాడు. మధ్యలో ఒక రాయి ఎలా పెట్టినా ఊగింది. వళ్ళి దాన్ని రెండుసార్లు తీసి పెట్టింది.

“తిప్పి పెట్టు అక్కా,” అని రోడ్డు మీంచి వేల్మురుగన్ గొంతు వినిపించింది. అతనింకా గొడుగు పట్టుకుని అక్కడే ఉన్నాడు. “పొట్ట పైకి వచ్చింది. పొట్ట కిందికి పోవాల.”

తిప్పింది. రాయి కూర్చుంది. ఆమె తలెత్తి చూసేసరికి అతను అటు తిరిగి, తనేమీ అననట్టు ఆకాశం చూస్తున్నాడు.

చీకటి పడే వేళకు చివరి చిప్ప బిగిసింది. సిమెంటుకు వళ్ళి అరచేతులు తెల్లగా పగిలి, వేలి సందుల్లో నెత్తురు కనిపించింది. రాత్రంతా వాన దంచింది. తెల్లవారాక పోయి చూస్తే గుంటలో నీళ్ళున్నాయి, గోడ ఉంది. గీత పెరగలేదు. నంజమ్మ ఒక గ్లాసు కాఫీ తెచ్చి ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

దొరైసామి చెప్పినట్టే పొద్దున్నే మోపెడ్ మీద వచ్చాడు. బండి ఆపి, దిగి, రోడ్డు అంచునే నిలబడ్డాడు. తన మేకులు జరిగి ఉండటం చూశాడు. సిమెంటు మూట దారం చూశాడు. తర్వాత రాతికట్టు వైపు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా నిదానంగా చూశాడు.

వళ్ళి గుంటలోంచి పైకి వచ్చింది. “నీకు అబద్ధం చెప్పినాను మామా. ఈ పక్క తవ్విచ్చేసినాను.”

“కనపడతా ఉండాది. ఎవురు పెట్టినారు రాయి?”

“నేనే.”

“వేల్మురుగన్ దిగలేదా?”

“లేదు. పిలిచినాను. రోడ్డు మీదనే నిలబడినాడు.”

దొరైసామి తల ఊపాడు. వంగి, రోడ్డు మీంచే చెయ్యి చాపి, కొసన ఉన్న రాయిని సుత్తి పిడితో తట్టి విన్నాడు. ఇంకోటి తట్టాడు. “నిలబడతాది,” అన్నాడు. “నేనున్నా ఇట్లనే పెట్టి ఉంటాను.”

వళ్ళి గుండె తేలికపడింది. కొంగు ముడి విప్పి నూలు ఉండ ఆయన చేతిలో పెట్టింది. “వేరే దారి లేకపోయింది మామా. బిడ్డ ఉండాది లోపల.”

“తెలుసు. నువ్వు జేసింది తప్పని నేను అనలేదు,” అని నూలు సంచిలో వేసుకున్నాడు.

“అయితే మిగతా పక్కలు ఎప్పుడు మొదలుపెడతావు?”

“నేనా?” అన్నాడు దొరైసామి. “నా నూలు తెగినచోట నేను పని జెయ్యనని నీకు ఒకరు చెప్పల్లా? నీ నూలు కట్టుకున్నావు. పని నీది. ధర్మపురిలో ఎవుడూ దీంట్లోకి దిగడు, నేను చెప్పినా దిగడు.”

ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వళ్ళి కాళ్ళు పట్టుకుని ఉండేది, కోపం కాళ్ళకు కరుగుతుంది. ఇది కరిగేది కాదని ఆమెకు అర్థమైంది. మాట మార్చింది.

“సరి మామా. నేను బస్సుకు కారిమంగళం వస్తాను. కాంక్రీటుకు నీళ్ళు కట్టాల గదా ఇవాళ.”

దొరైసామి మోపెడ్ ఎక్కి స్టార్ట్ చేశాడు. ఆమె పగిలిన చేతుల వైపు చూశాడు.

“వద్దు వళ్ళీ. నా కాడ సిత్తాళ్ళకు పని ఉండాది. మేస్త్రీలకు లేదు.”

బండి మలుపు తిరిగే దాకా వళ్ళి అక్కడే నిలబడింది. ఇన్నేళ్ళలో తనను మేస్త్రి అని ఎవరైనా అంటారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. అనదగ్గవాడు ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, అతనే అన్నాడు, అదే మాటతో కూలి తీసేశాడు. ఏడుపు పొంగుకొచ్చింది. ఆ ఏడుపు వెనకే, సిగ్గులేకుండా, గర్వం కూడా వచ్చింది. ఆమె రెండింటినీ కొంగుతో తుడిచేసుకుంది.

పళని బీడీ ఆర్పి దగ్గరికి వచ్చాడు. “ఇప్పుడు ఎవుర్ని పిలుస్తాము?”

“ఎవుర్నీ వద్దు,” అంది వళ్ళి, గుంటలోకి దిగుతూ. “రాయి అందియ్యి.”